కొసరుగా ఇచ్చిన ట్యూబు

ఇప్పుడు టైర్ల కొట్లో కౌంటరు వెనక నిలబడే పిల్లలకు ట్యూబుల గురించి చెబితే నవ్వుతారు. సగం బళ్లకు ట్యూబే ఉండటం లేదు. మేము మాత్రం పాతికేళ్లకు పైగా ఆ రబ్బరు వాసనలోనే మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తిన్నాం. ధర్మపురిలో సేలం పోయే రోడ్డు మీద ఒక టైర్ల కొట్లో నేను అమ్మకాల గుమాస్తాను. కొట్టు ముదలాళిది, అంటే మా యజమానిది. కౌంటరు మాత్రం నాదే అనుకునేవాణ్ణి. తన మధ్యాహ్నం నిద్ర చెడకూడదని ముదలాళి కూడా నన్ను అలాగే అనుకోనిచ్చాడు.

నేను పుట్టిందే అంగళ్ల మధ్య. తాత నూనె అమ్మాడు, నాయన స్టీలు సామాన్లు అమ్మాడు, మేనమామ తీర్థమలై కొండ కింద గాజులు అమ్మాడు. మా ఇంట్లో కూరలో ఇంకో ముక్క కావాలన్నా కాస్త బేరం ఆడితేనే వచ్చేది. అలా పెరిగిన నన్ను బేరంలో చిత్తుగా ఓడించింది ఒకే ఒక్క మనిషి. ఓడిపోవడం వల్ల నాకు పోయిందేమీ లేదు. ఓడిపోయానన్న ఉక్రోషంతో నేను చేసిన పని ఉంది చూడండి, అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లు అయి ఉంటుంది. బెంగళూరు రోడ్డును వెడల్పు చేస్తామని ఎక్కడ చూసినా తవ్విపోసిన రోజులు. ఒక ఉదయం దుకాణం ముందు పెద్ద నల్ల మోటారు సైకిలు ఆగింది. పాత రకం, మూడు వందల యాభై సీసీది, వచ్చే ముందే దాని గుండె చప్పుడు వినిపించేది. నడిపిన మనిషి నల్లంపల్లి పక్క పల్లెటూరి రైతు. ఇరవై ఏళ్లు పటాలంలో పనిచేసి వచ్చాడు కాబట్టి చుట్టుపక్కల అందరికీ మిలిటరీ అన్న. వెనక నుంచి దిగింది ఆయన భార్య. యాభై దాటిన మనిషి, ముక్కుపుడక, చంకలో గుడ్డసంచి. దిగగానే ఆమె చూసింది మా కొట్టు బోర్డును కాదు, మా గోడకు వేలాడుతున్న ట్యూబుల్లో ఏవి దుమ్ము పట్టాయో చూసింది. నేనప్పుడే జాగ్రత్త పడి ఉండాల్సింది.

"తమ్ముడా, పఠాన్‌కోట దాకా పోతా ఉండాము, ఈ బండి మీదనే," అన్నాడు మిలిటరీ అన్న. "వెనక ఈమె కూర్చుంటుంది. రెండు పక్కలా రెండు రేకు పెట్టెలు. మందంగా ఉండే ట్యూబులు కావాల, ముందుకొకటి, వెనక్కొకటి."

తాను పనిచేసిన చోట్లన్నీ భార్యకు చూపించాలని ఆయన కోరిక. ఇరవై ఏళ్లు ఆ ఊళ్ల పేర్లు ఉత్తరాల మీద చూసిందే గాని ఆమె సేలం దాటి ఎరగదు. రైల్లో పోవచ్చు కదా అని అడిగాను.

"రైల్లో పోతే చూపించేది రైలు. నేను చూపించాల," అన్నాడు.

"ఐదేండ్లుగా ఇదే పాట," అంది ఆమె. "ఈసారి సరే అన్నాను. అయితే నా మాట ఒకటి ఉండాది. బెంగళూరు దాటేలోగా ఒక్క అడ్డం తగిలినా బండి తిప్పాల్సిందే. దేవుడు వొద్దన్నాడని అర్థం. మళ్లీ జన్మలో నన్ను అడగకూడదు."

"అందుకే కదా తమ్ముడా మంచి ట్యూబులు అడిగేది," అని మిలిటరీ అన్న నవ్వాడు. నవ్వులో సగం భయం ఉంది.

ట్యూబుల విషయంలో నేను ఆయనకు చెప్పిందంతా నిజమే, అది నా మేలు కింద రాసుకోండి. మందం ట్యూబు వేస్తే పంక్చరు పడదని కాదు. మేకు దిగితే ఏ ట్యూబైనా పోతుంది. కాని మందం ట్యూబులో గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా పోతుంది, బండి ఆపుకోవడానికి టైమిస్తుంది. బరువు వేసుకుని గుంతలో పడినప్పుడు టైరుకూ రిమ్ముకూ మధ్య పడి నలగదు. ఊళ్లో తిరిగే బండికి అది దండగ. కొనేటప్పుడు చూడాల్సింది మూడే: చక్రం సైజు టైరు మీద ఉన్నదే ట్యూబు మీద ఉండాలి గాని చిన్నదాన్ని సాగదీసి ఎక్కించకూడదు; మడత పెట్టిన చోట్ల గీతలు పడి ఉండకూడదు; గాలి ఎక్కించే వాల్వు మొదట్లో అతుకు లేచి ఉండకూడదు. ఈ మూడోది గుర్తు పెట్టుకోండి.

తర్వాత బేరం మొదలైంది. నా దగ్గర ఒక కిటుకు ఉండేది. మా పక్క తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటాం, గడప దాటితే తమిళమే. కొట్లో నేను తెలుగు నోట రానిచ్చేవాణ్ణి కాదు. మిలిటరీ అన్న నాతో తెలుగులో మాట్లాడినా నేను తమిళంలోనే జవాబు చెబుతూ, ఏదో అర్థమవుతుందిగాని రాదన్నట్టు తల ఊపాను. దాంతో ఏమవుతుందంటే, తెలుగువాళ్లు జంటగా వస్తే నా ముందే నిలబడి తమ ఆఖరి ధర గుసగుసలాడుకుంటారు. నేను పైకప్పు చూస్తూ వింటాను.

రెంటికీ కలిపి ఐదు నూర్లు చెప్పాను. ఆమె మొగుడి వైపు తిరిగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాలుగు నూర్లకు మించితే లేచి పోదాము, ఆ పక్క అంగట్లో తక్కువకే ఉండాయంట," అంది.

సరే, నాలుగు నూర్ల దగ్గర ఆగే మనుషులని లెక్కగట్టుకుని, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు మెట్టు మెట్టుగా దిగి అక్కడికే వచ్చాను. డబ్బు చేతికి వచ్చింది. నేను డ్రాయరు మూశానో లేదో, ఆమె నా మొహంలోకి చూసి, తేటగా, "సరే అప్పా, ఇప్పుడు కొసరు ఏమిస్తావో చెప్పు. తెలుగులోనే చెప్పు," అంది.

నేను మళ్లీ పైకప్పు వైపు చూశాను.

"నీకు తెలుగు వొస్తుందని మీ మేస్త్రి ఎప్పుడో చెప్పినాడులే. మా పక్కూరోడే. నాలుగు నూర్లా యాభై దాకా ఇద్దామని ఇంటికాడనే అనుకోని వచ్చినాము."

మేస్త్రి అంటే మా కొట్లో ట్యూబులు ఎక్కించేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన నీళ్ల తొట్టి మీదకు వంగి, లేని బుడగల కోసం వెతుకుతున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

మా ప్రాంతంలో కొసరు అనేది అడుక్కునేది కాదు, హక్కు. కూరగాయలతో కరివేపాకు, నూనెతో ఒక చెంచా. ఇచ్చేవాడు దాని విలువ చెప్పకూడదు, తీసుకునేవాడు దాన్ని తిప్పి చూడకూడదు. అది అంగడి మర్యాద.

"ప్యాచీల డబ్బా ఇస్తాను అక్కా," అన్నాను తెలుగులో. ఇంక దాచి ఏం లాభం.

"ప్యాచీలు ఆయన పెట్టెలో ఉండాయి. రెండు ట్యూబులకు ఒక ట్యూబు."

"అది కొసరు కాదక్కా, దోపిడీ."

"మూడు వేల కిలోమీటర్లు పోయే మనిషిని ఉత్త చేతుల్తో పంపుతావా? నాకు తమ్ముడు లేడు, ఉండుంటే నీ వయసే ఉంటాడు."

మిలిటరీ అన్న ఇబ్బందిగా దగ్గాడు. నాకు మాత్రం ఓటమి మీద కారం చల్లినట్టుంది. అప్పుడు నా కళ్లు పై అర వైపు పోయాయి.

ఆ అర పడమటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. దాని మీద ఒక మందం ట్యూబు నాలుగు ఎండాకాలాలు ఎండింది. సైజు సరిగ్గా ఈ బండి వెనక చక్రానిదే. వాల్వు మొదట్లో అతుకు ఒక పక్క లేచిందని మేస్త్రి దాని మీద పసుపుపచ్చ క్రేయానుతో అడ్డగీతలు కొట్టి, "దీన్ని కోసి పడెయ్, కట్టుకునే పట్టీలకు పనికొస్తుంది," అని ఎన్నోసార్లు చెప్పాడు. కోసి పారేయడానికి నాకు చేతులు రాలేదు. అంగడివాళ్ల ఇంట పుట్టినవాణ్ణి కదా. మేస్త్రి టీకి పోగానే, వాళ్లిద్దరినీ బయట బెంచీ మీద కూర్చోమని, ఐదు నిమిషాల్లో దాన్ని దించి, గీతలు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పౌడరు దండిగా చల్లి, మడిచి, కొత్త కవరులో పెట్టి ఇచ్చేశాను. కొసరుగా వచ్చింది కాబట్టి పెట్టె అడుగున పడుకుని పఠాన్‌కోట చూసి, అలాగే ఇంటికి తిరిగి వస్తుందిలే అనుకున్నాను. ఆమె తిప్పి చూడలేదు. మర్యాద తెలిసిన మనిషి.

చక్రాలకు ట్యూబులు మేస్త్రి ఎక్కిస్తానంటే మిలిటరీ అన్న ఒప్పుకోలేదు. "పటాలంలో లారీలకే ఎక్కించినా, ఇదెంత," అని మూడూ సంచిలో వేసుకుని పోయాడు.

వారం తిరిగింది. వాళ్లు బయలుదేరే రోజు మేస్త్రి ఆ ఊరికి పోయి సాగనంపి, ఆలస్యంగా కొట్టుకు వచ్చాడు.

"ఆరతి పట్టి, నిమ్మకాయలు తొక్కించి పంపినాము," అన్నాడు చొక్కా తగిలిస్తూ. "ఆయమ్మను చూడాల నువ్వు. పెండ్లికి పోతా ఉన్నట్టు తయారైంది. అయితే గట్టి మనిషప్పా. వెనక చక్రానికి నువ్వు కొసరు ఇచ్చిన ట్యూబు ఎక్కించింది మొగుడి చేత."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. "ఏ ట్యూబు?"

"కొసరుది. ఊరికే వచ్చింది ముందు వాడుకోవాల, దుడ్డిచ్చి కొన్నది దాచిపెట్టాల అనింది. కొత్తది కవరు చించకుండా పెట్టెలో పెట్టింది."

మీకు నవ్వొస్తుందేమో. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. స్టీలు సామాన్ల అంగడి మాది. అయినా మా ఇంట్లో అందరం సొట్టలు పడ్డ పళ్లాల్లోనే తిన్నాం, మంచివన్నీ అటక మీదే ఉండేవి. మా వాళ్లలో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి: ఊరికే వచ్చింది అరగాలి, కొన్నది ఆగాలి. ఈ సంగతి ఊళ్లో ఎవరు మరిచిపోయినా నేను మరవకూడదు. మరిచిపోయాను.

"మేస్త్రీ, అది పై అరలోది," అన్నాను.

ఆయన పై అర వైపు చూశాడు. "కోసి పడెయ్యమన్న దాన్నా?"

తల ఊపాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఆయమ్మ వెనక కూర్చోని ఉంటుంది," అన్నాడు. అంతే. పోయి ఒక కొత్త ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, గాలి పంపు తెచ్చి నా మోపెడ్డు ముందు పెట్టి, "పో," అన్నాడు.

మిలిటరీ అన్నకు సెల్లు ఫోను లేదు. ఆ పెద్ద బండిని నా మోపెడ్డు అందుకోవడం కల్ల. అయినా తోలాను. బరువు, ఎండ, పాడైన రోడ్డు, వెనక చక్రం. ముందు చక్రంలో గాలి పోతే చేతులకు ముందే తెలుస్తుంది, వెనకది పోతే బండి నడుము విరిగిన పాములా ఊగుతుంది. ముందు ఎక్కడ లారీలు ఆగి ఉన్నా అక్కడే పడ్డారేమో అనుకునేవాణ్ణి. దగ్గరికి పోయి చూస్తే తారు డ్రమ్ములో, కంకర కుప్పో. కారిమంగళం దాటాను. జనం గుంపు కనబడితే ఆగి చూశాను, ఎవరో మామిడికాయలు అమ్ముతున్నారు.

కావేరిపట్నం ఇంకా రెండు మైళ్లు ఉందనగా చింతచెట్టు నీడన నల్ల బండి కనిపించింది. నిలబడే ఉంది. పక్కన ఇద్దరూ ఉన్నారు. నేను స్టాండు వేయడం మరిచి దిగితే మోపెడ్డు పక్కకు పడిపోయింది.

మిలిటరీ అన్న గుడ్డ పరిచి పనిముట్లు వరసగా పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులు మాత్రం ఊరికే ఉన్నాయి. ఆమె రేకు పెట్టె మీద కూర్చుంది, ధర్మపురి వైపు మొహం పెట్టి.

"నువ్వేంది ఇక్కడ?" అన్నాడు ఆయన. జవాబు కోసం ఆగలేదు. "బండి ఊగింది తమ్ముడా, మెల్లగా ఆపుకున్నా. పడలేదు. పది నిమిషాల పని, పెట్టెలో కొత్త ట్యూబు ఉండాది. ఈమె ఒప్పుకోదు."

"ఎక్కించుకో, నేను వొద్దన్నానా?" అంది ఆమె. "అయితే బండి మొహం మన ఊరి పక్క తిప్పి ఎక్కించు. మాటంటే మాట. దేవుడు చెప్పినాడు, నేను విన్నాను."

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నా లోపలి అంగడివాడు అప్పుడు కూడా నిద్రపోలేదు. వాళ్లకు దెబ్బ తగల్లేదు. ట్యూబు సంగతి వాళ్లకు తెలియదు. తప్పు దేవుడి మీద పడింది, దేవుడు మా కొట్టుకు వచ్చి అడగడు. కృష్ణగిరికి పోతున్నానని చెప్పి చల్లగా జారుకోవచ్చు. ఈ లెక్కంతా ఒక రెప్పపాటులో వేశాను.

ఇంతలో మిలిటరీ అన్న లివర్లను ఒక్కొక్కటే తుడిచి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. కోపం లేదు. ఐదేళ్లు అడిగిన మనిషి ఇంక అడగకూడదని నేర్చుకుంటున్నట్టుంది. నాకు ఆ చేతులు చూడబుద్ధి కాలేదు.

"అక్కా, చెప్పింది దేవుడు కాదు," అన్నాను. "నేను."

"ఏందప్పా?"

చెప్పాను. పై అర, నాలుగు ఎండాకాలాలు, మేస్త్రి గీతలు, కిరసనాయిలు, పౌడరు. ఒక్కటి వదలకుండా చెప్పాను. బేరంలో ఓడినందుకు చేశానని కూడా చెప్పాను.

ఆమె అంతా విని, మొగుడి వైపు తిరిగి, "ఎంత తెలివయ్యా నీకు. ఈయప్పను ముందే మాట్లాడి పెట్టుకున్నావా?" అంది.

నమ్మలేదు! ఇద్దరం కూడబలుక్కుని ఆమెను బండెక్కించడానికి నాటకం ఆడుతున్నామని ఆమె అనుమానం. జీవితంలో మొదటిసారి పూర్తి నిజం చెప్పాను, కొనేవాళ్లు లేరు.

"అక్కా, ఇంకా చక్రం విప్పలేదు కదా. లోపల ఏముందో నేను ముందే చెబుతాను, తప్పైతే ఊరికే పోండి. వాల్వు మొదట్లో ఒక పక్క అర్ధ చందమామలా అతుకు లేచి ఉంటుంది. దాని పక్కనే మడతలో నా గుడ్డకు అందని పసుపుపచ్చ గీత ఒకటి మిగిలి ఉంటుంది. ఒక వైపు నలుపు, ఒక వైపు ఎండకు వెలిసిన బూడిద రంగు."

మిలిటరీ అన్న విప్పాడు. ట్యూబు బయటికి లాగి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె వాల్వు మొదలు చూసింది. లేచిన అతుకులో గోరు పెట్టింది. గీతను బొటనవేలితో రుద్దింది. పసుపు రంగు వేలికి అంటింది.

లేచి ఆ ట్యూబుతోనే నా వీపు మీద ఒకటి వేసింది. మందం ట్యూబు ఎంత మందమో అప్పుడు నాకు సరిగ్గా తెలిసింది.

"నన్ను వెనక కూర్చోబెట్టి చంపాలనుకున్నావే పాపిష్టోడా! తమ్ముడు లాంటోడివి అంటిని కదరా!"

"అవునక్కా."

"మోసం కదా ఇది?"

"మోసమేనక్కా."

ఆమె మళ్లీ పెట్టె మీద కూర్చుని, రోడ్డుకు అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసింది. "అయితే ఇది అడ్డం కాదు," అంది మెల్లగా, తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు. "మనిషి చేసిన పని. దేవుడు ఇంకా ఏమీ చెప్పలేదు."

మిలిటరీ అన్న తల ఎత్తకుండా టైరు లోపల వేళ్లతో తడుముతున్నాడు, ముల్లు ఏదైనా ఉందేమోనని. నేను పక్కన కూర్చుని, మేస్త్రి ఇచ్చి పంపిన కొత్త ట్యూబుకు కాస్త గాలి కొట్టి గుండ్రంగా చేసి ఇచ్చాను. లివరు చివర ట్యూబును పట్టలేదని రెండు వైపులా రెండుసార్లు చూశాం.

చక్రం బిగించాక ఆమె నా మోపెడ్డు వైపు చూపించింది. "నువ్వు మా వెనకాలే రా. బెంగళూరు దాటేదాకా. నీ మాట నిజమైతే ఈ చక్రం దిగదు. దిగితే దేవుడే."

"అక్కా, అది మోపెడ్డు. కొట్లో ముదలాళి…"

"బెంగళూరు దాకా."

"కృష్ణగిరి దాకా వస్తాను."

"ఇంత చేసినాక బేరమా? సరే, కర్ణాటక గడి దాటించి పో."

మళ్లీ ఓడిపోయాను. ఈసారి ఉక్రోషం రాలేదు.

ఆ చక్రం నిజంగానే పఠాన్‌కోట దాకా పోయి వచ్చిందని నెలన్నర తర్వాత మేస్త్రి చెప్పాడు. నాకు గుర్తుండేది మాత్రం ఆ అరవై డెబ్బై కిలోమీటర్లు. నా మోపెడ్డు వెనకపడకుండా మిలిటరీ అన్న అంత పెద్ద బండిని పెండ్లి ఊరేగింపులా తోలాడు. లారీలన్నీ మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోయాయి. నేను వెనక చక్రం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమె పది నిమిషాలకు ఒకసారి తల వెనక్కి తిప్పి, చక్రాన్ని కాదు, నన్ను చూసేది. శూలగిరి దగ్గర ఆగి లెమన్ సోడా తాగించింది. దుడ్డు ఆమే ఇచ్చింది, నన్ను ఇయ్యనీలేదు.

హోసూరు దాటి, రాష్ట్రం సరిహద్దు దాటాక మిలిటరీ అన్న పక్కకు ఆపాడు. ఆమె దిగింది. వంగి వెనక టైరును రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కి చూసింది. రవ్వంతైనా లొంగలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని మళ్లీ ఎక్కి కూర్చుంది.

మిలిటరీ అన్న తాళం తిప్పి, కిక్కు మీద కాలు పెట్టి, పొద్దున్నించి అడగడానికి భయపడిన మాట అడిగాడు. "పోదామా మరి?"

"ఎవర్ని అడుగుతావు?" అంది ఆమె, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "తోలు. ఇంకా చానా దూరం ఉండాది."